రిటైరయ్యాక పదవులెందుకు?

సుప్రీంకోర్టు తీర్పుల వెనుక పార్టీలున్నాయేమో అన్న అనుమానం జనంలో పెరగడానికి, న్యాయమూర్తులు రిటైరైన వెంటనే పదవులు తీసుకోవడం పెద్ద కారణం. కర్నూలులో కోర్టు దగ్గర టీ కొట్లో ఏ పెద్ద కేసు మాటొచ్చినా చట్టం ఏం చెబుతోందని ఎవరూ అడగరు, 'ఏ బెంచికి పడింది?' అంటారు. కక్షిదారులే కాదు, నల్లకోట్లవాళ్లూ అంతే! ఇది ఒక్క పార్టీ అంటించిన జబ్బు కాదు. 1983లో జస్టిస్ బహారుల్ ఇస్లాం రాజీనామా చేసి నేరుగా కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. 2019 నవంబరులో రిటైరైన జస్టిస్ రంజన్ గొగోయ్ 2020 మార్చిలో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2023 జనవరిలో రిటైరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఫిబ్రవరిలోనే మన ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు. వారి తీర్పులు నిక్కచ్చివే కావచ్చు, కానీ ఓడినవాడు నమ్మొద్దూ? ఇలాంటి పదవులు వద్దని లా కమిషన్ 1958లోనే చెప్పింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పదవి చేసినవారు మళ్లీ ప్రభుత్వ పదవి చేపట్టరాదని రాజ్యాంగం 148వ అధికరణంలో ఉంది. అదే నిబంధన సుప్రీంకోర్టు న్యాయమూర్తులకూ పెట్టి, గవర్నర్ గిరీని, రాజ్యసభ నామినేషన్‌ను అందులో పేరుపెట్టి చేర్చాలి. అవసరమైతే రిటైర్మెంట్ వయసు 65 నుంచి పెంచినా తప్పులేదు.

– ఒక పాఠకుడు, కర్నూలు