టీకా ఖర్చు బీమా సంస్థలే భరించాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో టీకాల సిఫారసులపై రేగిన వివాదం గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం కానీ, ఆ సిఫారసులతో ముడిపడి ఉన్న ఆరోగ్య బీమా నిబంధన మాత్రం అంతగా చర్చకు రావడం లేదు. ఉద్యోగంతో వచ్చే బీమానే నమ్ముకుని ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రభుత్వం నియమించే టీకాల సలహా సంఘం సిఫారసు చేసి, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఆమోదించిన టీకాలన్నిటికీ ప్రైవేటు బీమా సంస్థలే పూర్తి ఖర్చు భరించాలని, నెట్‌వర్క్‌లోని, అంటే బీమా సంస్థతో ఒప్పందం ఉన్న వైద్యుడి వద్ద వేయించుకున్నప్పుడు కోపే (ప్రతిసారీ రోగి కట్టే రుసుము) గాని డిడక్టిబుల్ (బీమా మొదలయ్యే ముందు రోగి సొంతంగా పెట్టుకోవలసిన మొత్తం) గాని వసూలు చేయరాదని 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం నిర్దేశించింది. అంతకుముందు నుంచీ మార్పు లేకుండా కొనసాగుతున్న కొన్ని పాత పాలసీలకు ఇందులో మినహాయింపు ఉంది. పిల్లలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కు కూడా ఈ నిబంధన వర్తించదన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గాని తెలియదు.

జబ్బుకు చేసే వైద్యం కన్నా టీకా చవకైనప్పుడు బీమా సంస్థలు తమంతట తామే ఆ ఖర్చు పెట్టుకుంటాయి కదా, మధ్యలో చట్టం ఎందుకని కొందరు అడుగుతుంటారు. అడగదగ్గ ప్రశ్నే. అయితే టీకాకు ఈరోజు డబ్బు కట్టే సంస్థ, రేపు దానివల్ల లాభపడే సంస్థ సాధారణంగా ఒకటి కావు. పుట్టుకతోనే హెపటైటిస్-బి సోకిన శిశువుల్లో పదింట తొమ్మిది మందిలో ఆ వైరస్ దీర్ఘకాలం ఉండిపోతుంది. దాని ఫలితంగా కాలేయం గట్టిపడడమో, క్యాన్సర్ రావడమో కొన్ని దశాబ్దాల తర్వాత జరుగుతుంది. ఈలోగా ఆ మనిషి ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని బీమా కంపెనీలు మారతాడో చెప్పలేం. అరవై అయిదేళ్లు దాటాక అతని వైద్యం ఎలాగూ వృద్ధులకు ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్ మీదే పడుతుంది. ఈ పరిస్థితిలో ఏ సంస్థ అయినా సొంత లెక్క చూసుకుంటే, టీకా ఖర్చు తప్పించుకోవడమే దానికి లాభసాటిగా కనిపిస్తుంది. అందరికీ ఒకే నిబంధన పెడితే తప్ప ఈ చిక్కు విడిపోదు.

కొద్దిపాటి రుసుము పెడితే తప్పేమిటన్న వాదనకు మెడికేర్ అనుభవమే జవాబు. 2023కు ముందు ఒక వృద్ధురాలు మందుల షాపుకు వెళితే, అదే కౌంటర్ దగ్గర ఫ్లూ టీకా పైసా ఖర్చు లేకుండా వేసేవారు. షింగిల్స్ (ఒంటిపై నొప్పితో పొక్కులు లేచే జబ్బు) టీకాకు మాత్రం ఆమె పాలసీని బట్టి బిల్లు చేతికి వచ్చేది. మెడికేర్‌లో మొదటిది వైద్య సేవల విభాగంలోకి, రెండోది మందుల విభాగంలోకి రావడమే ఇందుకు కారణం. షింగిల్స్ టీకాను రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులుగా వేయించుకోవాలి కనుక ఆ బిల్లు రెండుసార్లు కట్టాల్సి వచ్చేది. మొదటి డోసుకే చేతి డబ్బు పెట్టినవారు రెండోదానికి వెనకాడితే వారిని తప్పుపట్టలేం. 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం మరుసటి జనవరి నుంచి ఈ తేడాను తొలగించింది.

ఈ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదు, ప్రీమియంలోనే కలుస్తుంది. అది కాదనడం లేదు. అందరూ తలా కొంత మోయడానికే కదా బీమా ఉన్నది.

అసలు బలహీనత మరొక చోట ఉంది. హామీ మొత్తం ఒకే సలహా సంఘం సిఫారసు మీద వేలాడుతోంది. 2025 జూన్‌లో ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ ఆ సంఘంలోని 17 మంది సభ్యులనూ ఒకేసారి తొలగించి, కొత్తవారిని నియమించారు. సంఘం రేపు ఏదైనా సిఫారసును ఉపసంహరించుకుంటే, ఆ టీకాకు ఖర్చు పెట్టవలసిన చట్టబద్ధమైన బాధ్యత కూడా దాంతోపాటే పోతుంది. 2025 సెప్టెంబర్ 1 నాటికి సిఫారసులో ఉన్న టీకాలన్నిటికీ 2026 చివరి దాకా ఖర్చు భరిస్తామని బీమా సంస్థల సమాఖ్య ప్రకటించడం అభినందనీయమే కానీ, అది స్వచ్ఛందంగా, గడువు పెట్టుకుని ఇచ్చిన మాట. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నాటి సిఫారసులను కనీస ప్రమాణంగా తీసుకుని సొంత చట్టం చేసింది. అయితే పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల వైద్య ఖర్చును తామే భరిస్తూ నడిపే బీమా పథకాలు 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ (కేంద్ర) చట్టం కిందికి వస్తాయి. రాష్ట్రాల బీమా చట్టాలు వాటిని తాకలేవు. ఉద్యోగం ద్వారా బీమా పొందుతున్న వారిలో సగానికి పైగా ఇలాంటి పథకాల్లోనే ఉన్నారు.

కాబట్టి దీన్ని చక్కదిద్దవలసింది అమెరికన్ కాంగ్రెస్. ఒకసారి సిఫారసు జాబితాలో చేరిన టీకాను, భద్రత విషయంలో తేలిన కారణాన్ని లిఖితపూర్వకంగా బయటపెట్టకుండా బీమా పరిధి నుంచి తొలగించరాదని చట్టంలోనే రాయాలి. కొత్త సిఫారసు వచ్చాక దాన్ని అమలు చేయడానికి బీమా సంస్థలకు ఇప్పుడు ఏడాదికి పైగా వ్యవధి దొరుకుతోంది. కోవిడ్ టీకా విషయంలో దీన్ని 15 పనిదినాలకు కుదించగలిగినప్పుడు మిగతా టీకాలకు కనీసం మూడు నెలలకైనా తగ్గించవచ్చు. అక్కడ ఓటు హక్కు ఉన్న తెలుగువారు తమ ప్రతినిధులకు ఈ రెండు విషయాలూ రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు