లుక్కా గోడ మీద కలిసిన ఆ పెద్దావిడకి

మా ఆయన నిద్రపోతున్నారు, ఇప్పటికి మూడుసార్లు లేచి చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా లేదు, చెమట లేదు. నాకే నిద్ర పట్టట్లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

25వ పెళ్ళిరోజుకని ఇటలీ వచ్చాం. నిన్న ఫ్లోరెన్స్ నుంచి ట్రైన్‌లో లుక్కా వెళ్ళాం. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైనే కోటగోడ, ఎక్కడా చెక్కు చెదరలేదు, దాని మీద రోడ్డంత దారి, చెట్ల కింద జనం సైకిళ్ళు తొక్కుతూ ఉంటారు. పొద్దున గ్వినీజీ టవర్ ఎక్కాం, 45 మీటర్ల ఎత్తు, 200 పైచిలుకు మెట్లు, చివర్న నిజంగానే చెట్లున్నాయి. తర్వాత ఆంఫీథియేటర్ చౌక్, రోమన్ల కాలం కట్టడం పునాదుల మీదే ఇళ్ళు లేచాయి కాబట్టి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, అక్కడ ఫోటోలు తీసుకుంటూ తిండి సంగతే మర్చిపోయాం. తీరా మూడింటికి హోటల్‌కి వెళ్తే కిచెన్ మూసేశాం, మళ్ళీ రాత్రికే అన్నారు. అక్కడ పద్ధతే అంత, కనుక్కోకపోవడం మా తప్పు. ఆయనకి షుగర్, పొద్దున బిళ్ళ కూడా వేసుకున్నారు. "ఒక్క రౌండ్ సైకిల్ మీద తిరిగేసి స్టేషన్ దగ్గర ఏదైనా తిందాంలే" అన్నారు, నేనూ సరేనన్నా.

బొటానికల్ గార్డెన్ పక్కన సాన్ రెగోలో బురుజు దగ్గర సైకిళ్ళు ఆపి బెంచీ మీద కూర్చున్నాం. ఆయనకి చరిత్ర అంటే ప్రాణం. శత్రువుల కోసం కట్టిన ఈ గోడ 1812లో వరదొస్తే తలుపులు మూసుకుని ఊరిని కాపాడిందని చెప్తున్నారు, నాకేమో 2024లో బుడమేరు నీళ్ళల్లో మా సింగ్‌నగర్ గుర్తొస్తోంది, ఇంతలో ఆయన మాట ముద్దముద్దగా అయిపోయింది. చూస్తే చొక్కా మొత్తం తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి కూడా గుర్తుపట్టనట్టు చూస్తున్నారు, అలాగే బెంచీ మీంచి కిందకి జారిపోయారు. తిండి లేక షుగర్ పడిపోయిందని అర్థమైంది, నా బ్యాగులో ఒక్క చాక్లెట్ కూడా లేదు. షుగర్ షుగర్ అని అరిచాను.

కుక్కపిల్లని తిప్పుతున్న ఒక పెద్దావిడ, ఎనభైకి దగ్గర్లో ఉంటారు, పరిగెత్తలేరు కానీ పరిగెత్తినట్టే వచ్చారు. "జుక్కెరో?" అన్నారు, పంచదారా అని. సంచిలోంచి చిన్న జ్యూస్ సీసా తీసి, ఆయన తల తన మోచేతి మీద పెట్టుకుని, గుక్క గుక్కకీ ఆపుతూ తాగించారు, "పియానో, పియానో" అంటూ. మెల్లగా అని అర్థమట. తర్వాత కాగితంలో చుట్టిన బ్రెడ్డు తుంచి పెట్టారు, ఎండుద్రాక్ష, సోంపు వేసి చేస్తారు, బుక్కెల్లాతో అంటారు, ఇంటికని కొనుక్కున్నది సగం మాకే అయిపోయింది.

ఆయన తేరుకున్నారు. జారినప్పుడు ఒక బూటు ఊడిపోయింది. ఆవిడ బెంచీ పట్టుకుని, మోకాళ్ళు నొప్పని మొహంలో తెలుస్తూనే ఉంది, కింద కూర్చుని బూటులో ఇసక దులిపి, ఆయన కాలికి తొడిగి, స్కూలుకెళ్ళే పిల్లాడికి కట్టినట్టు లేసు రెండు ముళ్ళేసి కట్టి, పాదం మీద తట్టారు. అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను. నా తల లాక్కుని భుజానికి ఆనించుకున్నారు, ఆవిడ మెళ్ళో గొలుసు నా చెంపకి గుచ్చుకుంటున్నా కదలబుద్ధి కాలేదు. మా అత్తగారు ఉండుంటే ఇలాగే చేసేవారు.

ఫార్మసీకి తీసుకెళ్ళి షుగర్ చూపించారు, 84. మా కోసమే రొట్టె, జున్ను కొనిపెట్టారు. స్టేషన్ దగ్గర సాన్ పియెత్రో గేటు దాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిచారు. నేను డబ్బులు తీస్తే నా పిడికిలి మూసేశారు. పేరడగలేదు అమ్మా, ఆ కంగారులో అడగలేదు.

ఇన్సూరెన్స్ వాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఆస్పత్రికి తీసుకెళ్ళాలా అని ఫార్మసీ నుంచి ఫోన్ చేస్తే 40 నిమిషాలు పాట వినిపించి, ముందు నుంచీ ఉన్న జబ్బు కవర్ కాదండి అన్నారు. పాలసీ అమ్మేటప్పుడు షుగర్ ఉందని చెప్పాం కదా, అప్పుడు పర్లేదు మేడమ్ అన్నది ఎవరు? పదహారు వేలు కట్టించుకుని, అవసరానికి ఒక్క ఆస్పత్రి అడ్రస్ చెప్పలేకపోయారు. రోడ్డు మీద వెళ్ళే మనిషికున్న కనికరం వీళ్ళకి లేదు.

అమ్మాయీ అల్లుడూ రాత్రంతా ఫోన్‌లోనే ఉన్నారు, తమ్ముడు కూడా, వాళ్ళకి విడిగా చెప్పేదేముంది.

లుక్కాలో గానీ పీసాలో గానీ చదువుకునే మన పిల్లలెవరైనా ఉంటే, సాన్ రెగోలో బురుజు దగ్గర సాయంత్రం పూట గోధుమరంగు చిన్న కుక్కతో వచ్చే పెద్దావిడ కనిపిస్తే, ఆయన బాగున్నారని చెప్పండి. ఆ లేసు ముళ్ళు ఇంకా విప్పలేదని కూడా చెప్పండి.

అయ్యో, ఫార్మసీలో అమ్మాయిని మర్చిపోయా, టెస్టుకి డబ్బులు తీసుకోలేదు, ఒక ప్యాకెట్ గ్లూకోజ్ బిళ్ళలు కూడా చేతిలో పెట్టింది. సైకిల్ షాపు కుర్రాడు, తనే గోడెక్కి వచ్చి రెండు సైకిళ్ళూ తీసుకెళ్ళాడు, ఎక్కువైన టైముకి పైసా అడగలేదు. ట్రైన్‌లో ఆయన కాళ్ళు చాపుకోవడానికి సీటు ఖాళీ చేసి నిలబడ్డ కాలేజీ పిల్లలు ఇద్దరు, వాళ్ళు ప్రాతోలో దిగిపోయారు, థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు.