బ్రెయిడ్ హిల్స్ పార్కు కాదు, కొండ: ఈ సీజన్ నుంచి మా అద్దె సామానులో మార్పులు

మా దగ్గర గోల్ఫ్ క్లబ్బులు అద్దెకు తీసుకుని స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఆడేవాళ్లందరికీ ఈ కబురు. ముఖ్యంగా వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చి, హైదరాబాద్ గోల్కొండ కోర్సులోనో విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆడిన అలవాటుతో ఇక్కడా ఒక పూట ఆడదామనుకునే పెద్దవాళ్లకు.

ముందు మా తప్పు. మా అద్దె కాగితంలో బ్రెయిడ్ హిల్స్ గురించి "కొండమీది చవకైన పార్క్‌ల్యాండ్ కోర్సు" అని రాశాం. కొండ నిజం, చవక నిజం. పార్క్‌ల్యాండ్ అంటే మాత్రం చెట్ల వరుసల మధ్య మెత్తటి పచ్చిక, ట్రాలీ లాక్కుంటూ తీరిగ్గా నడిచే నేల. ఇది ఊరికి దక్షిణాన దాదాపు 200 మీటర్ల ఎత్తున్న గుట్ట. పాత అగ్నిపర్వతపు రాయి, దానిమీద పల్చటి మట్టి, ఎటు చూసినా గోర్స్ ముళ్లపొదలు. ఆ ఒక్క మాట నమ్మి ట్రాలీ, మూడు బంతులు, గొడుగు పట్టుకెళ్లినవాళ్లు తిప్పలు పడ్డారు. మాట తీసేశాం. సామానూ మార్చాం.

కోర్సు నగర కౌన్సిల్‌ది, నడిపేది ఎడిన్‌బరా లీజర్ అనే సంస్థ. సభ్యత్వం అక్కర్లేదు, మీ ఆట స్థాయి చూపే హ్యాండిక్యాప్ కాగితం అడగరు. పేరుమోసిన సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో వేసవి ఫీజు 300 పౌండ్లు దాటిపోయింది. ఇక్కడ కట్టేది అందులో చిన్న ముక్క. వారాంతం రేటు వేరు, కాబట్టి బుక్ చేసేటప్పుడే చూసుకోండి. బుకింగ్‌లో చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది: అదే గుట్టమీద 18 హోల్స్ బ్రెయిడ్స్, 9 హోల్స్ ప్రిన్సెస్ అని రెండు కోర్సులున్నాయి. ఏది నొక్కుతున్నారో చూసి నొక్కండి.

ఇంత మంచి చోటు ఊరి జనం చేతిలో ఎలా ఉందంటే, ఊళ్లోని బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ మైదానంలో ఆడేవాళ్లూ నడిచేవాళ్లూ ఎక్కువై ఇరుకైపోవడంతో, 1889లో నగరపాలకులు ఈ కొండమీద కోర్సు తెరిచారు. గీసినవాళ్లలో ఒకరు బాబ్ ఫెర్గూసన్, 1880, 81, 82ల్లో వరసగా మూడుసార్లు ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచిన మనిషి. అప్పట్లో మట్టిని తవ్వి చదును చేసే యంత్రాలు లేవు. కొండ ఎలా ఉంటే ఒక్కో హోల్ ఆటదారి అలా పోయింది. అందుకే కొన్నిచోట్ల జెండా కనిపించకుండానే కొట్టాలి. అలాంటి చోట ఒకరు ముందు గట్టెక్కి అవతల ఎవరూ లేరని చూసి చెయ్యి ఊపాకే మిగతావాళ్లు కొట్టండి.

ఇక గోర్స్ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కొండంతా పసుపు పూలు, ఎండ కాస్తే పచ్చికొబ్బరి తురిమినట్టు వాసన. ముచ్చటపడి దగ్గరికి పోతే తెలుస్తుంది, దానికి ఆకులుండాల్సిన చోట సూదులుంటాయని. బంతి లోపలికి దొర్లితే బయటికి కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం అందదు. వస్తే కొండ, పోతే వెంట్రుక అనుకుని లోపలికి దూరి కొట్టేవాళ్లున్నారు. ఇక్కడ పోయేది వెంట్రుక కాదు: క్లబ్ కొమ్మకు తగిలి మెలితిరుగుతుంది, బంతి ఇంకా లోపలికి పోతుంది, ఒక దెబ్బ దగ్గర అయిపోయేది నాలుగు దెబ్బలవుతుంది. నిబంధన సులువు. వెతకడానికి మూడే నిమిషాలు (2019కి ముందు ఐదు ఉండేది, చాలామంది ఇంకా అదే లెక్కలో ఉన్నారు). బంతి దొరికినా ఆడలేననిపిస్తే ఒక దెబ్బ శిక్ష వేసుకుని, అది ఉన్నచోటు నుంచి రెండు క్లబ్ పొడవుల లోపల, హోల్‌కి దగ్గర కాకుండా బంతిని కింద పడేసి ఆడొచ్చు. పొద పెద్దదై ఆ రెండు పొడవులూ ముళ్లలోనే ఉంటే, హోల్‌నీ బంతినీ కలిపే గీతమీద ఎంత వెనక్కైనా పోవచ్చు, లేదా మళ్లీ మొదటి చోటికే. పొదవైపు కొట్టానని అనుమానం వస్తే, నడవకముందే "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని చెప్పి రెండో బంతి కొట్టేయండి. తిరిగి కొండెక్కి, మొదటి దెబ్బ కొట్టే చోటు, అంటే టీ దగ్గరికి రావడం ఎవరికీ ఇష్టముండదు.

అందుకే బంతుల లెక్క మనిషికి మూడు నుంచి ఎనిమిదికి పెంచాం. ఇవి కొత్తవి కావు, లేక్ బాల్స్, అంటే నీళ్లలోంచి తీసి కడిగి అమ్మేవి. కొత్త ఖరీదైన బంతులు ఈ కొండకు దక్షిణ వేయడం మాకు సమ్మతం కాదు. పసుపు బంతులు పూర్తిగా మానేశాం: పూలు రాలే రోజుల్లో అవి పూల రేకుల్లో కలిసిపోతాయి. తెలుపు, నారింజ మాత్రమే ఇస్తాం.

ట్రాలీ ఈ కోర్సుకు ఇక ఇవ్వం. అడ్డవాలులో చిన్న చక్రాల ట్రాలీ బరువు పైన ఉండి పక్కకు పడిపోతుంది. గాలిలో బ్రేకు లేనిదైతే తనంతట తనే కిందికి బయల్దేరుతుంది. మన దగ్గర క్యాడీ మోస్తాడు కాబట్టి బ్యాగు బరువు ఎవరికీ తెలియదు. ఇక్కడ క్యాడీలుండరు, మోసేది మీరే. పద్నాలుగు క్లబ్బుల బ్యాగు పది, పన్నెండు కిలోలు తూగుతుంది. మేమిచ్చే సన్న బ్యాగులో ఏడే: హైబ్రిడ్, 5, 7, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. మొత్తం అయిదు కిలోల లోపు. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, డ్రైవర్ ఏదని అడుగుతారు. ఆరువేల గజాలు కూడా లేని కోర్సు ఇది. పొడవు కంటే తిన్నగా కొట్టడమే లాభం. కావాలంటే అదనపు రుసుం లేకుండా ఇస్తాం, కానీ గోర్స్‌కి ఎక్కువ బంతులు పంపేది అదే.

కొండమీద క్లబ్ ఎంచుకోవడం వేరే లెక్క. గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీకంటే పది గజాలు ఎత్తులో ఉంటే దూరానికి దాదాపు పది గజాలు కలపండి, కింద ఉంటే అంతే తీసేయండి. బంతి కాళ్లకంటే ఎత్తున ఉంటే కుడిచేతివాళ్లకు ఎడమకు పోతుంది, కాళ్లకింద ఉంటే కుడికి. దీనికితోడు చలి: హైదరాబాద్ ఎండలో 7 ఐరన్ పోయినంత దూరం పది డిగ్రీల చలిగాలిలో పోదు. ఒక క్లబ్ పెద్దది తీయండి. ఎండాకాలం వాన పడకపోతే ఈ పల్చటి మట్టి తొందరగా ఎండి గట్టిపడుతుంది, బంతి నేలమీద చాలా దూరం దొర్లుతుంది. గ్రీన్ మీద పడేలా కాకుండా ముందే పడి దొర్లేలా కొట్టండి. బయటికి పొడుచుకొచ్చిన రాయికి తగిలితే ఎటుపోతుందో చెప్పలేం.

బట్టలు: గొడుగు వద్దు, పైన గాలికి తిరగబడుతుంది. వాన కోటు, వాన ప్యాంటు, తడిస్తే పట్టు పెరిగే రెయిన్ గ్లవ్స్ జత. మామూలు స్పోర్ట్స్ షూ తడిసిన వాలుమీద జారుతుంది, మెత్తటి స్పైకులున్నవి వేసుకోండి. బ్యాగు స్టాండు మీద నిలబెట్టకుండా పడుకోబెట్టండి.

సమయం నాలుగున్నర గంటలు వేసుకోండి. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురే, డిసెంబర్‌లో మూడూ నలభైకల్లా సూర్యుడు దిగిపోతాడు. వెనకవాళ్లు వేగంగా వస్తుంటే పక్కకు జరిగి పోనివ్వండి. కుక్కలతో నడిచేవాళ్లు, గుర్రాలమీద వెళ్లేవాళ్లు కోర్సు దాటుతుంటారు. స్కాట్లాండ్ 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం కోర్సు దాటి వెళ్లే హక్కు వాళ్లకుంది, గ్రీన్ల మీదికి తప్ప. గుర్రం పోయేదాకా ఆగండి, విసుక్కోకండి. ఆ సందులో ఉత్తరానికి తిరిగితే కోట, ఆర్థర్స్ సీట్ గుట్ట, వాటి వెనక ఫోర్త్ జలాలు, ఆపైన ఫైఫ్ తీరం.

మోకాళ్లు సహకరించని వాళ్లకు మా సలహా నిక్కచ్చిగా ఒకటే: ఈ కొండ వద్దు. బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్‌లో ఇప్పటికీ తక్కువ దూరపు హోల్స్ ఉన్న కోర్సు ఉంది, ఆడటం ఉచితం. ఒక వెడ్జ్, ఒక పట్టర్, రెండు బంతులు చాలు. అదిచ్చి మేం సంపాదించేది పెద్దగా ఏమీ లేదు, అయినా అదే చెబుతాం.

డబ్బు సంగతి: ఏడు క్లబ్బుల బ్యాగు అద్దె పెంచలేదు. మిగిలిన బంతులు తిరిగివ్వండి, పోయినవాటికి లెక్కకట్టం. మంచు గడ్డకట్టి కోర్సు మూసేస్తే అద్దె మొత్తం వాపసు. గడ్డకట్టిన పచ్చికమీద నడిస్తే ఆకు విరిగి నల్లబడుతుంది, అందుకే మూస్తారు, బతిమాలినా తెరవరు. వానకు మాత్రం వాపసు లేదు. తోలు గ్లవ్స్ తడిస్తే హీటర్ మీద ఆరబెట్టకండి, అట్టలా బిగుసుకుపోతాయి. అలాగే తడిగానే తెచ్చివ్వండి, గోర్స్ ముళ్లు ఉంటే మేమే ఏరుకుంటాం.