శాస్త్రి గారి రాజీనామా

సంపాదకులకు,

అక్టోబరు 2 వస్తే గాంధీజీకి దండలు వేసి, అదే రోజు పుట్టిన లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు చివర్లో ఒక మాటగా చెప్పి ముగిస్తారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన నాకు అది కాస్త కష్టంగానే ఉంటుంది.

1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రిగా శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మళ్లీ అలాంటి ఘోరమే జరిగింది. ఈసారి ఆయన పట్టుబట్టి తప్పుకున్నారు. తప్పు శాస్త్రిది కాదని, మంచి సంప్రదాయం నిలవాలనే ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులోనే చెప్పారు.

పదవి వదిలితే పోయినవాళ్లు తిరిగొస్తారా అని మా అల్లుడి వాదన. రారు. కానీ ప్రమాదం జరగ్గానే ముందు గ్యాంగ్‌మన్‌నో, స్టేషన్ మాస్టర్‌నో సస్పెండ్ చేసే శాఖలో పనిచేసినవాడికి, నెపం కిందికి తోయకుండా తన మీద వేసుకున్న మంత్రి ఎంత పెద్దవాడో తెలుస్తుంది. 1965లో వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగే ముందు తన ఇంట్లో మానిపించిందీ ఆయనే.

రైల్వే అధికారుల శిక్షణలో ఈ రెండు ప్రమాదాల గురించీ, ఆ రాజీనామా గురించీ ఒక పాఠం పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ గార్డు, కాజీపేట