టేపులకు 50 ఏళ్ల జైలు

ప్రియమైన రమణకు,

మళ్లీ మళ్లీ దొంగతనం చేసేవాడికి కనీస శిక్షను చట్టమే ఖాయం చేస్తే తప్పేమిటని అడిగావు. నీలాంటి వకీలుకు ఊరికే అభిప్రాయం రాసి పంపితే ఒప్పుకోవు కనుక, కాలిఫోర్నియాలో జరిగింది చెబుతాను.

1993లో పాలీ క్లాస్ అనే పన్నెండేళ్ల పిల్లను ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపినవాడు పాత నేరస్థుడని తేలడంతో జనం భగ్గుమన్నారు. మరుసటి ఏడాది మార్చిలో ‘మూడు స్ట్రయిక్‌ల’ చట్టం వచ్చింది. నవంబరులో ఓటర్లు కూడా దానికి భారీగా ఆమోదం తెలిపారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ పాత నేరాలు రెండు తీవ్రమైనవై ఉంటే చాలు (ఒక్కోటీ ఒక ‘స్ట్రయిక్’), మూడోది ఏ ఫెలనీ (చిల్లర నేరాల కంటే పై తరగతి నేరం) అయినా 25 ఏళ్ల నుంచి యావజ్జీవం వేయాలని రాశారు.

ఆండ్రేడ్ అనే మాజీ సైనికుడు 1995లో రెండు కేమార్ట్ దుకాణాల్లో మొత్తం తొమ్మిది వీడియో టేపులు కాజేయబోయి దొరికిపోయాడు. రెండోసారి నాలుగింటిని ప్యాంటు నడుము వెనక దోపుకున్నాడు. అన్నీ కలిపి సుమారు 154 డాలర్లు. మామూలుగా అది చిల్లర కేసే, కానీ పాత రికార్డు ఉన్నవాడిపై దాన్ని ఫెలనీగా పెట్టే అధికారం ప్రాసిక్యూటరుకు ఉంది. అంటే పాత శిక్ష ఒకసారి చిన్న నేరాన్ని పెద్దది చేయడానికీ, మరోసారి స్ట్రయిక్‌గా లెక్కించడానికీ పనికొస్తుందన్నమాట! ఒక్కో దుకాణానికి 25 ఏళ్ల చొప్పున, ఒకదాని తర్వాత ఒకటిగా, 37 ఏళ్ల మనిషికి కనీసం 50 ఏళ్లు పడ్డాయి. 2003లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని సమర్థించింది. మూడు గోల్ఫ్ కర్రలు దొంగిలించినవాడి 25 ఏళ్ల శిక్షనూ అదే రోజు నిలబెట్టింది.

నా అభ్యంతరం ఇక్కడే ఉంది. జడ్జి విచక్షణను కట్టడి చేశామనుకున్నారు గానీ, అది మాయం కాలేదు, ఏ సెక్షను కింద కేసు పెట్టాలో తేల్చే ప్రాసిక్యూటరు బల్ల మీదకు చేరింది. జడ్జి తన తీర్పుకు కారణాలు బహిరంగంగా చెప్పాలి. ఆ బల్ల దగ్గర జరిగే బేరాలకు సాక్షులెవరు? మూడో నేరం కూడా సాధారణంగా తీవ్రమైనదో హింసాత్మకమైనదో అయి ఉండాలని ఓటర్లు సవరించేసరికి 2012 వచ్చింది.

మన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కూడా దొంగతనంలో రెండోసారి శిక్షపడితే కనీసం ఏడాది కఠిన కారాగారం అంటోంది. అక్కడితో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయినా, కింది కోర్టుల్లో రోజూ తిరిగేవాడివి కనుక అడుగుతున్నాను: పాత శిక్షను ఛార్జిషీటులో చూపాలా వద్దా అన్నది మీ దగ్గర అసలు ఎవరు తేలుస్తున్నారు? వివరంగా రాయి.

నీ,
మురళి