అడుసుకి నీళ్లెక్కడివి?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

కొలరాడోలో పాత కాలపు కొండచరియ ఇళ్లున్న మేసా వెర్డే జాతీయ పార్కుకి వెళ్లొచ్చి మూడు వారాలైనా వాట్సాప్ గ్రూపులో ఫొటోలు ఇంకా వచ్చిపడుతూనే ఉన్నాయి. డెన్వర్ నుంచి ఏడు గంటలసేపు కార్లలో పిల్లల గోల భరించిన మీ ఓపికకి ముందుగా ఓ దణ్ణం. మనిషికి ఒక నీళ్ల సీసా చాలని చెప్పడం మాత్రం నా పొరపాటే. ఏడు వేల అడుగుల పైన, ఆ ఎండలో, మధ్యాహ్నానికే అన్నీ ఖాళీ. ఇద్దరు పిల్లలకి తలనొప్పి వచ్చింది. ఈసారి మూడేసి సీసాలు రాస్తాను.

అక్కడ ప్యూబ్లో అనే అమెరికా ఆదివాసుల పూర్వీకులు కొండచరియల కింద కట్టిన నివాసాలు దాదాపు 600 ఉన్నాయి. అన్నిటిలో పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌ను, సుమారు 150 గదులదాన్ని, ఎదుటి గట్టు మీద నుంచే చూశాం. లోపలికి వెళ్లింది బాల్కనీ హౌస్‌కి. 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి, తిరిగి వచ్చేటప్పుడు 18 అంగుళాల వెడల్పున్న సందులోంచి 12 అడుగులు పాకాలి. పిల్లలు ఉడతల్లా దూరిపోయారు. సగంలో ఊపిరి బిగబట్టిన నాన్నల పేర్లు ఇక్కడ రాయను.

కట్టినవాళ్లకి లోహపు పనిముట్టు లేదు, బండి లేదు, ఎద్దు లేదు. ఏటిలో దొరికే గట్టి రాళ్లతో ఇసుకరాయిని కొట్టి ఇటుకల్లా చెక్కారు. మట్టి, బూడిద, నీళ్లు కలిపి అడుసు చేశారు. పార్కు చూపించే రేంజర్ ఇదంతా చెబుతుంటే, గుంటూరు వైపు నుంచి వచ్చిన మన బడి తాతగారొకరు మధ్యలో ఆపారు. 'అమ్మా, ఇంత అడుసుకి నీళ్లెక్కడివి?' అన్నారు. సొంత ఇంటికి అడుసు తొక్కిన మనిషి కాబట్టి ఆయనకి తట్టింది. మాకెవ్వరికీ తట్టలేదు. మన టీచరు దాన్ని ఇంగ్లీషులో అడిగితే రేంజర్ చరియ లోపలి గోడ చూపించింది. రాయి అడుగున చెమ్మ.

పైన పడిన వాన, మంచు ఇసుకరాయిలోకి ఇంకుతాయి. కింద ఉన్న షేల్ అనే బంకమట్టి రాతి పొరలోకి దిగలేక పక్కకి ఊరతాయి. చలికాలంలో ఆ నీరే గడ్డకట్టి, కరిగి రాతిని పెళ్లలుగా రాలుస్తుంది. వేల ఏళ్లకి అక్కడ గుహలాంటి చోటు ఏర్పడుతుంది. ఆ చోటు తొలిచిన నీరే తాగడానికీ అందింది. ఆ తర్వాత తాతగారి చుట్టూ పిల్లలు మూగారు. సన్నికల్లు, పొత్రంలాంటి రాళ్లు కనబడితే వాటి మీద మొక్కజొన్న నూరేవారని చెప్పింది కూడా ఆయనే.

రాళ్ల మధ్య అడుసులో గోరంత రాతి ముక్కలు వరసగా గుచ్చి ఉన్నాయి. సందులు పూడి గోడ గట్టిపడటానికట. ఒకచోట అడుసు మీద వేలిముద్ర అలాగే నిలిచిపోయింది. ముట్టుకోకూడదు కాబట్టి మూడో తరగతి పాప గాలిలోనే తన వేలు పక్కన పెట్టి చూసి, 'నాకంటే కొంచెమే పెద్దది' అంది.

కివా బొమ్మలే అందరూ బాగా వేశారు. అది నేలలోకి తవ్వి కట్టిన గుండ్రటి గది. పైకప్పు కంత లోంచి నిచ్చెన మీద దిగాలి, పొగ పోయేదీ ఆ దారినే. పక్క గొట్టంలోంచి మంచి గాలి వస్తుంది, అది నేరుగా నిప్పుకి తగలకుండా చిన్న అడ్డుగోడ. నేలలో బుల్లి గుంట ఉంటుంది. మనుషులు కింది లోకం నుంచి పైకి వచ్చారని వాళ్ల నమ్మకం, ఆ దారికి అది గుర్తు. ప్యూబ్లో ఊళ్లలో ఈనాటికీ కివాలు ఉన్నాయి.

ఎప్పుడు కట్టారో దూలాలే చెబుతాయి. వానలు బాగా పడిన ఏడాది చెట్టు మానులోని వలయం వెడల్పు, కరువు ఏడాది సన్నం. 1929లో డగ్లస్ అనే శాస్త్రవేత్త ఇప్పటి చెట్ల వలయాల వరసకీ పాత దూలాల వరసకీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చాక కట్టడాల ఏళ్లు తేలాయి. చరియల కింది ఇళ్లు చాలావరకు 1190ల నుంచి 1270ల దాకా కట్టినవి. 1276 నుంచి పట్టిన పెద్ద కరువు కూడా ఆ వలయాల్లోనే ఉంది.

తర్వాత వాళ్లు 'మాయమైపోయారు' అని గత లేఖలో రాశాను. తప్పు. దక్షిణానికి వెళ్లి ఊళ్లు కట్టుకున్నారు. హోపీ, జూని, ఆకొమా ప్రజలు వాళ్ల వారసులే. 'అనసాజీ' అన్న మాట కూడా ఇళ్లలో వాడకండి. అది నవాహో అనే వేరే తెగవాళ్లు పెట్టిన పేరు, శత్రువుల పూర్వీకులనే అర్థం వస్తుంది. ప్యూబ్లో పూర్వీకులు అందాం.

ఒక అబ్బాయి జేబులో కుండపెంకు దొరికితే రేంజర్ తీసిన చోటే పెట్టించింది. తిట్టలేదు, మీరూ తిట్టకండి.

ప్రస్తుతం బడి వెనక అలాంటి అడుసు గోడే కడుతున్నాం. మొదటి ఆదివారం నీళ్లెక్కువై జారిపోయింది. రెండోసారి చిన్న రాళ్లు గుచ్చడం మరిచిపోయి పడగొట్టుకున్నాం. మూడోది చీలమండ ఎత్తుకొచ్చి నిలబడింది. వచ్చే ఆదివారం పాత బట్టలు వేసి పంపండి. గ్రిల్‌లో మిగిలిన కట్టె బూడిద ఉంటే ఒక డబ్బా ఇవ్వండి. బొగ్గు బిళ్లలది వద్దు.

నమస్కారాలతో,
మీ బడి ప్రధానోపాధ్యాయురాలు