పాఠకుల సంఘం, తిరుపతి: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన "ఇప్పటి పిల్లలు పుస్తకం ముట్టడం లేదు" అని బాధపడ్డారు. అది ఎంతవరకు నిజమో చూద్దామని ఈ ఏడాది మన పనంతా యూనివర్సిటీ విద్యార్థుల మీదే పెట్టుకున్నాం. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం అన్నీ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి విద్యార్థుల కోసం దూరం పోనక్కర్లేదు. హాస్టళ్ల దగ్గర, టీ కొట్ల దగ్గర కూర్చుని మాట్లాడాం.

పిల్లలు చదువుతున్నారు. కాకపోతే చేతిలో ఉండేది గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల గైడ్లు. మిగతాది ఫోన్‌లో పీడీఎఫ్‌లు. "కథ పుస్తకం పడితే టైం వేస్ట్ చేస్తున్నానేమో అని టెన్షన్ సార్" అన్నాడు ఎంఏ చదివే అబ్బాయి. ఇంటి నుంచి ఫోన్ వస్తే మొదటి మాట ఉద్యోగం గురించే అయినప్పుడు, ఆ పిల్లాడిని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు.

అందుకే ఉపన్యాసాలు మానేసి, ఆదివారం గంటసేపు ఒక కథ పైకి చదువుకోవడం మొదలుపెట్టాం. అమ్మాయిలు చీకటిపడకముందే హాస్టల్‌కు చేరాలి కాబట్టి నాలుగింటికే కూర్చుంటున్నాం. మొదట్లో నలుగురైదుగురే వచ్చారు. ఒకరోజు మన జిల్లా కథ చదువుతూ పలమనేరు వైపు అమ్మాయి 'గెనిమ' అన్న మాట దగ్గర ఆగిపోయింది. "ఇది మా అవ్వ మాట. పుస్తకంలో కూడా రాస్తారా?" అంది. విజయవాడ నుంచి వచ్చిన పిల్లలకు పొలంగట్టు అని తనే విడమరిచి చెప్పింది. ఆ కథ పుస్తకం ఆ సాయంత్రమే హాస్టల్‌కు పట్టుకెళ్లింది. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మధురాంతకం రాజారాం మన జిల్లావారే అని చాలామందికి అక్కడే తెలిసింది. ఏడాది మొత్తంలో మాకు బాగా తృప్తినిచ్చిన పని ఇదే.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు హాలు ఇస్తామన్నవాళ్లు చివరి నిమిషంలో కుదరదన్నారు. చెట్టు కిందే జరుపుకున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి పిల్లలు అడుగుతున్నవి ఎక్కువగా మన ప్రాంతం కథలు, తెలుగు అనువాదాలు. మీ ఇంట్లో అటక మీద ఏమైనా ఉంటే దించి ఇవ్వండి. అట్టలు ఊడినా పరవాలేదు, బైండింగ్ మనం చేయిద్దాం.

కార్యదర్శి